గుడియాత్తంలో ఇంకా నడుస్తున్న కారు

చిత్తూరు నుంచి వేలూరుకు, అక్కడి నుంచి గుడియాత్తానికి నేను చాలాసార్లు వెళ్లాను. పెళ్లిళ్లకు వెళ్లాను, ఆస్పత్రికి వెళ్లాను, ఊరికే బంధువులను చూడ్డానికీ వెళ్లాను. అయినా ఆ దారి మాట ఎవరెత్తినా నాకు గుర్తొచ్చేది ఒక్క ప్రయాణమే. అది మా కారుకు కావలసిన ఒక చిన్న భాగం కోసం చేసింది. కారు కొరియా వాళ్లది. పేరు రాయను. అది కొన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు, కొననివాళ్లకు ఇప్పుడు తెలిసినా ఒరిగేదేమీ లేదు.

అంతకుముందు మన ఊళ్లలో కారంటే రెండు మూడు రకాలే. తొంభైల్లో విదేశీ కంపెనీలకు దేశం గేట్లు తెరిచాక ఒక్కో దేశం నుంచి ఒక్కో కంపెనీ వచ్చింది. ఈ కొరియా కంపెనీ వచ్చిన తీరు మాత్రం వేరు. మిగతావాళ్లు ఏసీకి ఇంత, పవర్ స్టీరింగుకు ఇంత అని విడివిడిగా లెక్క చెబుతుంటే, వీళ్లు అన్నీ బండిలోనే ఉన్నాయి, ధర ఒక్కటే అన్నారు. జనం ముందే డబ్బు కట్టి నెలల తరబడి ఎదురుచూశారు. కారు చేతికొచ్చి సీటు మీది ప్లాస్టిక్ కవరు తీయకముందే కంపెనీ ధర తగ్గించేసింది. ముందు కొన్నవాళ్లు లబోదిబోమన్నారు. తగ్గాక కొన్నవాళ్లు తామే తెలివైనవాళ్లమనుకున్నారు. మేము ఆ రెండో రకం.

మావారికి చిత్తూరులో చిన్న ప్రింటింగ్ ప్రెస్సు ఉండేది. నేను ఆడపిల్లల బడిలో టీచరును. మా స్థాయికి ఆ కారు ఎక్కువేనని నాకు అప్పుడే అనిపించింది. కానీ ఒకసారి అందులో కూర్చున్నాక ఆ మాట మర్చిపోయాను. సీట్లు మా ఇంట్లో సోఫా కంటే మెత్తన. మే నెల ఎండలో కాట్పాడి దాటుతున్నా లోపల చలి వేసేది. సుఖం ఎంతో చెప్పాను గనక కష్టం కూడా చెప్పాలి. బండి నేలకు మరీ దగ్గరగా ఉండేది, ప్రతి స్పీడ్ బ్రేకరు మీదా కడుపు గీసుకునేది. పెట్రోలు నీళ్లలా తాగేది. అవన్నీ భరించాం. తర్వాత ఒకరోజు, ఆ కంపెనీ సొంత దేశంలోనే అప్పుల్లో కూరుకుపోయిందని పేపర్లో చదివాం. ఎవరో దూరపు చుట్టానికి జబ్బు చేసిందని విన్నట్టు విని ఊరుకున్నాం. వేలూరులో మేము కారు కొన్న షోరూం అద్దాలకు లోపలి నుంచి కాగితాలు అంటించారు. కొన్నాళ్లకు అక్కడ మంచాలు, బీరువాలు అమ్మే దుకాణం వచ్చింది. అప్పుడు అర్థమైంది, చుట్టం దూరపువాడు కాదని.

కళ్ల పరీక్షకు వేలూరు వెళ్లి తిరిగొస్తుంటే కాట్పాడి వంతెన ఎక్కేచోట కారు ఆగిపోయింది. ఇక కదల్లేదు. తాడు కట్టి లాగించి, కాట్పాడి రోడ్డులో సెల్వం అనే మెకానిక్ షెడ్డులో వదిలి బస్సులో ఇంటికొచ్చాం. రెండు వారాలు చూశాక సెల్వం ఫోన్ చేశాడు. అతని ఇంటిభాష తమిళం, మాతో మాట్లాడేది చిత్తూరు తెలుగు.

"సార్, ఇంజన్ బాగుండాది. దాన్ని నడిపించే కంప్యూటర్ పెట్టె పోయింది. కొత్తది మద్రాసులో అడిగినా, బెంగుళూరులో అడిగినా, యాడా లే. గుడియాత్తంలో చెంగల్రాయుడని ఇండ్లు కట్టే మేస్త్రీ ఒకాయన ఉండాడు. ఆయనకీ ఇదే కారు. షెడ్డులో నిలిపేసినాడంట. మీరు పోయి అడగండి. ఆయన మీ తెలుగాయనే, మీరడిగితే ఇస్తాడేమో."

ఆ ఆదివారమే బయల్దేరాం. పొద్దున ఆరున్నరకు చిత్తూరు బస్టాండులో వేలూరు బస్సు ఎక్కితే ఎనిమిదయ్యేసరికి వేలూరు పాత బస్టాండులో దిగాం. ఆ పక్కనే చిన్న హోటల్లో పొంగలి, వడ తిన్నాం. పొంగలి బాగుంటుంది, మిరియాలు నలగ్గొట్టి వేస్తారు. గుడియాత్తానికి రెండు దారులున్నాయి. ఒకటి కాట్పాడి, లత్తేరి మీదుగా, రెండోది పెద్ద రోడ్డు పట్టుకుని పళ్లికొండ మీదుగా. మేమెక్కిన బస్సు లత్తేరి దారిది. టికెట్టు అప్పట్లో పది రూపాయల లోపే. పాలారు వంతెన మీద కిటికీలోంచి చూస్తే కనుచూపు మేరా ఇసుకే తప్ప నీటిచుక్క లేదు. లత్తేరి దాటాక కొబ్బరి తోటలు, చెరుకు కనిపించి కాస్త ప్రాణం కుదుటపడుతుంది.

టికెట్టు కొట్టేటప్పుడు మావారు కండక్టరును అడిగారు, గుడియాత్తంలో చెంగల్రాయుడు మేస్త్రీ ఇల్లు తెలుసా అని.

"ఏ చెంగల్రాయుడు? కారు మేస్త్రీనా?" అని కండక్టరు పెద్దగా నవ్వాడు. వెనక సీట్లో ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. "ఏరు దాటినాంక దిగి, కారు మేస్త్రీ ఇల్లు యాడ అని అడగండి. చిన్నబిడ్డయినా చూపిస్తాది."

మావారికి ఆ నవ్వు పట్టలేదు. పని సులువవుతుందని సంతోషించారు. నాకు మాత్రం అది వినసొంపుగా లేదు.

కౌండిన్య ఏటి వంతెన దాటి దిగి అడిగితే నిజంగానే మొదటి మనిషే చూపించాడు. సందు చివర ఇటుకల ఇల్లు. ముందు గోడకు తప్ప మిగతా గోడలకు పూత లేదు. పక్కన రేకుల షెడ్డు. అందులో మా కారే, మా తెలుపే. దుమ్ము లేదు, తుప్పు లేదు, చక్రాల్లో గాలి నిండుగా ఉంది. మేము ఊహించుకొచ్చింది నాలుగు ఇటుకల మీద నిలబెట్టిన చచ్చిన బండిని. మావారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

అరుగు మీద చింతపండు ఒలుస్తున్న ఒకావిడ లేచింది. యాభై దాటి ఉంటాయి. మేస్త్రీ భార్య మునెమ్మ అని తర్వాత తెలిసింది. "ఎవురు కావాలమ్మా?"

"మేస్త్రీగారి కోసం వచ్చినాం. మాది చిత్తూరు. మాకూ ఇదే కారు ఉండాది," అన్నారు మావారు. అసలు సంగతికి అది మొదటి వాక్యమే. రెండోది అనే లోపలే పెరట్లోంచి మేస్త్రీ వచ్చాడు. అరవై ఏళ్ల మనిషి, సన్నగా, చేతులు మాత్రం సుత్తుల్లా ఉన్నాయి.

"ఇదే కారా? ఇదే మోడలా?" అంటూ దగ్గరికొచ్చి మావారి చెయ్యి పట్టుకున్నాడు. "రాండప్పా, రాండి. మునెమ్మా, కాపీ పెట్టు. మీదెంత ఇస్తాది లీటరుకి? మీకు ఏసీ ఇంకా బాగుండాదా? నాది చూడండి."

మేము ఆపే వ్యవధి లేదు. తలుపు తీసి తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజన్ అందుకుంది. పొద్దున్నే లేచి దినమూ కాసేపు నడిపిస్తాడట, బ్యాటరీ చావకూడదని. బానెట్ ఎత్తి మావారికి చూపిస్తూ, ఏ గొట్టం ఎప్పుడు మార్చాడో చెబుతూ, మధ్యలో నావైపు తిరిగి, "ఈ పక్క ఇంకోడు ఉండాడని తెలిసుంటే నేనే వచ్చిందును గదమ్మా" అన్నాడు. మావారు తల ఊపుతూ ఉండిపోయారు. జేబులోంచి తెలుగులో అచ్చేసిన తన ప్రెస్సు విజిటింగ్ కార్డు తీసి ఇచ్చారు, ఏదో ఒకటి చేయాలని. మేస్త్రీ దాన్ని అటూ ఇటూ తిప్పి నవ్వాడు. "మాట్లాడేది తెలుగే నాయనా, చదివేది రాదు. అరవమైతే చదువుతా."

కాఫీ తాగుతుండగా ఈ కారే ఎందుకు కొన్నారని నేనడిగాను.

"సిమెంటు మాదిరే చూసినానమ్మా. అదే దుడ్డుకి ఎవుడు ఎక్కువ ఇస్తాడో వాని దగ్గిర కొనేది. ఇంకోడు ఏసీకి వేరే అన్నాడు, అద్దానికి వేరే అన్నాడు. వీడు అంతా కలిపి ఇచ్చినాడు. తలుపు వేసి చూసినా, బరువు ఉండాది. రేకు తట్టి చూసినా, గట్టిది. నలభై ఏండ్లు పునాది తవ్వినోణ్ణి, కంపెనీ పునాది మాత్రం అడగలా."

"అది గాదు వాళ్లు అడిగింది," అంది మునెమ్మ. గడప దగ్గర కూర్చుని ఉంది. "ఎందుకు కొన్నావో చెప్పు."

ఆమే చెప్పింది. ఈ ఊళ్లో ఆయన కట్టిన ఇళ్లు చాలా ఉన్నాయి. గృహప్రవేశం రోజు మేస్త్రీకి పంచె, తాంబూలం పళ్లెంలో పెట్టి పదిమందిలో ఇవ్వడం ఆనవాయితీ. ఒక ఇంట్లో మాత్రం సైకిలు మీద వచ్చిన ఈయన్ను వాకిట్లో నిలబెట్టి, భోజనాలయ్యాక రమ్మన్నారు. ఆ ఇంటి మెట్లు, ఆ ఇంటి దేవుడి గూడు ఈయన చేతులతో కట్టినవే. ఆ దినం నుంచి పైసా పైసా కూడబెట్టి కారు కొన్నాడు.

"కొన్నాక మొదటి గృహప్రవేశం ఒక గుడ్డల షావుకారుది," అంది మునెమ్మ. "నేనూ పోయినా. కారు నిలబడతానే ఎవురో పెద్దోళ్లు వచ్చినారని ఆయప్ప పరిగెత్తుకొచ్చి, వంగి తలుపు తీసినాడు. తీసి చూస్తే ఈయన. ఆ మొగం నేను చూసినానమ్మా. 'నువ్వా?' అన్నాడు, అంతే. పంచె గుమాస్తా చేత వెనకాల ఇప్పించినాడు. సాయంత్రానికి ఊరంతా ఒకే మాట. మన సిమెంటు, మన ఇనప కమ్మీ తిన్నాడు, అందుకే కారు వచ్చిందని."

"నేను ఒక్క మూట తినలేదు," అన్నాడు మేస్త్రీ. మాతో కాదు, నేలతో.

ఆ తర్వాత ఊళ్లో ఎవరూ ఇల్లు ఇవ్వలేదు. మాట్లాడుకున్న రెండు ఇళ్లు వేరే మేస్త్రీకి పోయాయి. కంపెనీ ధర తగ్గించినప్పుడు అదే షావుకారు ఇదే కారు తక్కువకు కొని, కొన్నాళ్లు తిరిగి, కంపెనీ పడిపోతుందని ముందే పసిగట్టి అమ్మేశాడు. ఈయన కారు షెడ్డులో పెట్టి మళ్లీ సైకిలెక్కాడు. అయినా ఎవరూ పిలవలేదు. ఇప్పుడు లత్తేరి పక్క గొడ్ల కొట్టాలు, పొన్నై పక్క మోటరు గదులు కడుతున్నాడు. పొన్నై మునెమ్మ పుట్టినూరు గనక అవైనా వస్తున్నాయి.

ఇదంతా విన్నాక వచ్చిన పని చెప్పడం ఎలాగో నాకు తోచలేదు. లేచి వెళ్దామని మావారికి సైగ చేశాను. ఆయన చూశారు, చూడనట్టు ఊరుకున్నారు. తర్వాత తలొంచుకుని అంతా చెప్పేశారు, మా కారు ఆగిపోయిందని, పెట్టె ఎక్కడా దొరకలేదని, మెకానిక్ ఇక్కడికి పంపాడని.

మేస్త్రీ మొహంలో ఇందాకటి వెలుగు పోయింది. "అయితే మీరు చూసిపోను రాలేదు," అన్నాడు. షెడ్డు వైపు చూసి, "అది తీస్తే ఇది ఇంక కదలదు గదా?" అని అడిగాడు.

"కదలదు," అన్నారు మావారు.

"ఇచ్చేయయ్యా," అంది మునెమ్మ. గొంతు పెంచలేదు గానీ ఎన్నాళ్ల నుంచో ఆ మాట నోట్లో ఉంచుకున్నట్టు అంది. "ఈ బండి ఇంటి ముందర ఉన్నంత దాకా మనకి పని రాదు. పోనీ. పోతే ఊరోళ్ల నోరు మూతపడతాది. మళ్లా పిలుస్తారు."

"దీంట్లో నేను చేసిన తప్పేముండాది?"

"తప్పు లేదు. పని ఉండాదా?"

ఆయన లేచి షెడ్డులోకి వెళ్లాడు. చాలాసేపు రాలేదు. నేను మావారితో వెళ్లిపోదాం పదండి అన్నాను. "ఆమే ఇమ్మంటా ఉండాది గదా," అన్నారాయన. అది నిజమే.

మేస్త్రీ తిరిగొచ్చి, "ఇక్కడ ఇప్పేది లే," అన్నాడు. "కారు మేస్త్రీ కారుని తునకలు చేసి అమ్ముకున్నాడని ఈ ఊరు నవ్వకూడదు. వేలూరు దాకా నేనే తోలుకొస్తా. మీ మెకానిక్ దగ్గిర తీసుకోండి. మిగిలింది ఆడనే పాతసామాను వానికి వేస్తా." ధర ఒక్క మాటలో తేలిపోయింది. ఆయన అడిగినదానికి మావారు మారు మాట్లాడలేదు.

మునెమ్మ లోపలికి వెళ్లి పట్టుచీర కట్టుకొచ్చింది. షావుకారు గృహప్రవేశానికి అద్దాలు దించుకుని పోయిన ఆ ఒక్కసారి తప్ప ఆమె ఆ కారు ఎక్కనేలేదట. ముందు సీట్లో ఆయన పక్కన కూర్చుంది, మేము వెనక. మేస్త్రీ దగ్గరి దారి వదిలి బజారు మధ్యగా పోనిచ్చాడు. మెల్లగా పోతూ, "ఇది నేను కట్టిందే. అదో, ఆ మిద్దె కూడా. ఆ మూల ఇంటికి మెట్లు మూడుసార్లు కూలగొట్టించినారు" అని చెబుతూ పోయాడు. మాకే చెబుతున్నాడనుకున్నాను గానీ ఆయన చూపు మాత్రం రోడ్డు మీదే ఉంది. దుకాణాల ముందు మనుషులు తలలు తిప్పి చూశారు. ఒక కుర్రాడు ఈల వేశాడు. ఆ షావుకారు గుడ్డల దుకాణం వచ్చినప్పుడు ఆయన మాట ఆపేశాడు. మునెమ్మ మాత్రం తల తిప్పి ఆ గడప వైపు నేరుగా చూసింది. అక్కడ ఎవరూ లేరు. ఆదివారం, దుకాణం మూసి ఉంది.

పళ్లికొండ దగ్గర పెద్ద రోడ్డు ఎక్కాక బండి వేగం అందుకుంది. ఆ కారు సుఖం మొత్తం ఆ దారిలోనే తెలుస్తుంది. కుదుపు లేదు, చప్పుడు లేదు. ఏసీ గాలి మునెమ్మ మొహాన కొడుతుంటే ఆమె కొంగు భుజం చుట్టూ కప్పుకుని, "ఇంత సల్లగా ఉంటాదా? చెప్పనే లేదే నువ్వు" అంది.

"నువ్వు ఎక్కితే గదా," అన్నాడు మేస్త్రీ.

సెల్వం పని ఎక్కువసేపు పట్టలేదు. డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి, తీగలు ఊడదీసి, టిఫిన్ డబ్బా అంత పెట్టెను బయటికి తీశాడు. దాన్ని మా కారులో బిగించి తాళం తిప్పితే మా ఇంజన్ పలికింది. మావారు ఆనందం దాచుకోవాలని చూశారు గానీ చేతకాలేదు. ప్రెస్సు పెట్టినప్పుడు కూడా ఆయన మొహం అంత విప్పారలేదు. పక్కన మేస్త్రీ తన కారు తాళం అలవాటుగా జేబులో వేసుకుని, మళ్లీ తీసి సెల్వం చేతికిచ్చాడు.

"ఎక్కండి మేస్త్రీ, గుడియాత్తం దాకా దింపేసి పోతాం," అన్నారు మావారు. ఆ మాట మంచి మనసుతోనే అన్నారు. మునెమ్మ వెనక తలుపు పిడి మీద చెయ్యి వేసింది కూడా.

"మునెమ్మా, రా," అన్నాడు మేస్త్రీ. "బస్సుండాది మనకి."

"ఎండగా ఉండాది, వాళ్లు పిలుస్తా ఉంటే..."

"దీంట్లో నేను కూచోను. రా."

ఆమె చెయ్యి తీసేసింది. పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, షెడ్డు ముందు నల్లనూనె మడుగులు తప్పించుకుంటూ ఆయన వెనక నడిచింది. మేము వాళ్లు సందు తిరిగేదాకా చూసి, ఏసీ వేసుకుని చిత్తూరు వచ్చాం.

మా కారు ఆ ఏడు వానలు దాటింది. తర్వాత గేర్లు పోయాయి, ఈసారి అడగడానికి ఎవరి షెడ్డులోనూ కారు లేదు. ఇనుప సామాను తూకానికి ఇచ్చేశాం. దాని బదులు కొన్నది పాత చిన్న కారు. దానికి ఏసీ లేదు గానీ భాగాలు ప్రతి సందులోనూ దొరికేవి.

మరుసటి ఏడు వేలూరులో ఆస్పత్రి ముందు మందుల దుకాణం దగ్గర మునెమ్మ కనిపించింది. నేనే పలకరించాను. మళ్లీ ఇళ్లు వస్తున్నాయా అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"యాడ వస్తాయమ్మా," అంది. మాటలో కోపం లేదు, నాకు అదే బాధనిపించింది. "కారు ఉన్నప్పుడు దొంగ అన్నారు. కారు పోయినాంక చితికిపోయినాడన్నారు. చితికినోనికి ఇల్లు ఎవురు ఇస్తారు, అడ్వాన్సు తినేస్తాడని బయం గదా. బెంగుళూరు పోయినాడు. తన కింద పని నేర్చినోని దగ్గిరే గోడలకి పూత పూస్తా ఉండాడు." చేతిలోని మందు చీటీ మడిచి, బస్సు వస్తుందని వెళ్లిపోయింది. కారు సంగతి ఎత్తలేదు. ఎలా నడిచిందని కూడా అడగలేదు.

ఆ కొరియా కంపెనీ గురించి ఇప్పుడు ఎవరైనా మాట్లాడితే నవ్వుతూ మాట్లాడతారు. మంచి కారు, పాపం తొందరపడ్డారు అంటారు. నిజమే, కారు మంచిదే. తక్కువకు ఎక్కువ ఇస్తామన్న మాటా అబద్ధం కాదు. ఇచ్చారు. తర్వాత వాళ్లు పోయారు, ఆ పేరు పోయింది, వాళ్ల జాగాలోకి మరొకరు వచ్చారు, దేశానికి మంచి మంచి కార్లు వచ్చాయి. కానీ ఒక మేస్త్రీ కారులో వస్తే గేటు దగ్గర మారిపోయే మొహం ఏ కంపెనీతోనూ రాలేదు. అది అంతకుముందూ ఇక్కడిదే, గేట్లు తెరిచాకా ఇక్కడే ఉంది. మావారు ఇప్పటికీ అంటారు, మనం అడగకపోయినా ఆ బండి ఎన్నాళ్లుంటుందని. ఉండదు, ఒప్పుకుంటాను. కానీ ఆ ఆదివారం పొద్దున అది ఒక్క తిప్పుకే అందుకుంది, ఆయన మావారి చెయ్యి పట్టుకుని లోపలికి పిలిచాడు. ఇది మావారు ఎప్పుడూ చెప్పరు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. గుడియాత్తం రైల్వే స్టేషను ఊరికి చాలా ఎడం, కాబట్టి వేలూరు నుంచి బస్సులోనే వెళ్లండి, పళ్లికొండ దారి బాగుంటుంది. పాత బండి భాగం కోసం వెళ్తుంటే మాత్రం, ఆ ఇంట్లో బండి ఇంకా నడుస్తోందేమో ముందే కనుక్కోండి. నడుస్తోందంటే ఇక బస్సెక్కకండి.